ట్రాయ్ గుర్రంతో రాజంపేటకు

కర్నూలు నుంచి రాజంపేటకు చెక్క గుర్రాన్ని తీసుకుపోదలచినవారికి నాదొక్కటే సలహా. రంజాన్ నెలలో వద్దు. రంజాన్‌లో తప్పకపోతే గురువారం మాత్రం వద్దు. నేను ఈ రెండూ కలిసొచ్చిన రోజున బయలుదేరాను కాబట్టి, దారిలో ఏ హోటల్లో ఉగ్గాని బాగుంటుంది, ఎక్కడ దోసె కరకరలాడుతుంది అన్న వివరాలు ఇందులో దొరకవు. ఏ ఊళ్ళో వాసన బాగుంటుందో మాత్రం చెప్పగలను.

ముందు గుర్రం సంగతి. మా తమ్ముడు నాగభూషణం రాజంపేట అవతల ఒక పల్లెలో ఉంటాడు. ఊరి పేరు రాయొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఊరి తిరునాళలో మూడో రోజు సాయంత్రం నాటకం ఆడించడం వాడి పని, వాడి ప్రాణం. అరటి తోట గాలికి పడిపోయిన ఏడు కూడా వాడు బెంగపడలేదు గాని, నాటకం మధ్యలో జనం లేచిపోతే అన్నం ముట్టడు. నిరుడు అదే జరిగింది. చూసిన నాటకమే ఎన్నిసార్లు చూస్తామంటూ కుర్రకారు మొదటి పద్యానికే లేచి బజ్జీల అంగడికి పోయారు. ఈసారి కూడా జనం చివరిదాకా నిలవకపోతే, వచ్చే ఏటి నుంచి ఆ సాయంత్రం ఆర్కెస్ట్రాకు ఇచ్చేస్తామని తిరునాళ కమిటీ తేల్చి చెప్పింది.

ఈ మాట వాడు ఫోనులో రెండుసార్లు చెప్పాడు. నాకు కోపం వచ్చింది. నేను నందికొట్కూరులో సోషల్ టీచరుగా చేసి రిటైరైనదాన్ని. గ్రీకు నాగరికత పాఠంలో ఏథెన్స్ దగ్గర పిల్లలు ఆవలించేవారు, స్పార్టా దగ్గర కిటికీలోంచి చూసేవారు, ట్రాయ్ గుర్రం దగ్గర మాత్రం బెల్లు కొట్టినా లేచేవారు కాదు. గ్రీకులు ఏళ్ళ తరబడి యుద్ధం చేసి గెలవలేక, పెద్ద చెక్క గుర్రం చేసి, దాని కడుపులో సైనికులను దాచి, ట్రాయ్ కోట ముందు వదిలి, పడవలెక్కి పోయినట్టు నటించారు. ట్రాయ్ వాళ్ళు దాన్ని దేవుడి కానుక అనుకుని మేళతాళాలతో కోటలోకి లాక్కుపోయారు. ఆ రాత్రి కడుపులోని సైనికులు దిగి కోట తలుపులు తీశారు, ట్రాయ్ పడిపోయింది.

"ఒరే, గ్రీకుల కథ ఆడండి. నేను రాసిస్తా" అన్నాను.

"గుర్రం యాడ తెచ్చేదక్కా?"

"అది నా మీద వదిలెయ్" అనేశాను. నా ఆవేశం నాకు చేసినంత నష్టం పర్షియా సైన్యం కూడా గ్రీకులకు చేయలేదు.

కర్నూలులో గుడులకు వాహనాలు చేసే వడ్రంగి వీరాచారిని పట్టుకున్నాను. ఉత్సవాలప్పుడు దేవుణ్ణి ఊరేగించే హంసలు, గరుడలు, గుర్రాలు ఆయన చేతిలోనే తయారవుతాయి. మొరటు చెక్క గుర్రం కావాలి, రంగులు వద్దు, కడుపు బోలుగా ఉండాలి, పక్కన తలుపు ఉండాలి, కింద చక్రాలు ఉండాలి అని నోటితో చెప్పాను, చేత్తో గీసి చూపించాను. ఆయన అన్నిటికీ తల ఊపాడు. పని అయిందంటే పోయి చూశాను. తెల్లటి గుర్రం ముందుకాళ్ళు రెండూ ఎత్తి నిలబడి ఉంది. బంగారు రంగు జీను, మెడలో గజ్జెలు, చెవులదాకా సాగిన కళ్ళు, నుదుట ఎర్రటి తిలకం.

"ఏమయ్యా, నేను గ్రీకుల గుర్రం కదా అడిగింది?"

"కడుపు బోలుగానే పెట్టినా కదమ్మా, తలుపు గూడా ఉండాది. గుర్రమంటే నా చేతికి వచ్చేది ఇదే. నుదురు బోసిగా పెట్టి పంపిస్తే నాకు అన్నం దిగదు."

ముందుకాళ్ళు పైకి లేచాయంటే కడుపు ఏటవాలుగా ఉన్నట్టే కదా, లోపలికి ఎక్కినవాళ్ళు తోక దగ్గరికి జారిపోరా అని అడిగాను. గట్టిగా పట్టుకోమని చెప్పండి అన్నాడు. కొత్తది చేయించడానికి టైము లేదు. బయలుదేరాం.

ఉదయం ఆరు గంటలు. గూడ్స్ బండి వెనక గుర్రం, ముందు డ్రైవరు బాషా, పక్కన నేను. బాషాది ఆదోని వైపు. వయసు నలభై దాటి ఉంటుంది, మాట నెమ్మది, మీసం కోపిష్టి. బండి ఎక్కగానే అలవాటు కొద్దీ టీ తాగుదామా అన్నాను.

"రోజా ఉండాను మేడమ్. మీరు తాగండి, ఆపుతా."

నాకు గురువారం ఒక్కపొద్దు. సాయంత్రం దాకా అన్నం తినను గాని, టీలూ కాఫీలూ పండ్లూ నడుస్తాయి. కానీ నీళ్ళు కూడా ముట్టని మనిషి పక్కన కూర్చుని నేను అరటిపండు ఒలిచి తింటే ఏం బాగుంటుంది? "నేనూ ఏమీ ముట్టను, పద" అన్నాను. ఇది కూడా ఆవేశమే.

ఓర్వకల్లు బండలు కనిపించగానే నాలోని టీచరు లేచి కూర్చుంది. గ్రీకు దేశం కూడా ఇలాగే రాళ్ళూ గుట్టలూ అని, పారే నీళ్ళు తక్కువని, పండేది జొన్న కాకపోయినా బార్లీ, ఆలివ్ లాంటివేనని చెప్పాను. మైసీనే అనే చోట ఇంతింత బండలు పేర్చి కోట కట్టారని, తర్వాతి తరాల వాళ్ళు అది చూసి మనుషులు కాదు రాక్షసులు కట్టి ఉంటారనుకున్నారని చెప్పాను. గుట్ట గుట్టకూ మధ్య ఒక ఊరు, ఊరు ఊరికీ ఒక దేవత, ఒక చట్టం, ఒక సైన్యం. పక్క ఊరంటే పడదు.

"ఇదంతా మా పక్కదే చెప్తాండారు మేడమ్" అన్నాడు బాషా అనుమానంగా.

ఏథెన్స్‌లో ఎవడైనా మరీ పెద్దమనిషైపోయి మిడిసిపడితే, జనమంతా కుండ పెంకుల మీద వాడి పేరు గీకి వేసేవారని, ఎక్కువ పెంకులు పడితే వాడు పదేళ్ళు ఊరు విడిచి పోవాలని చెప్పాను. బాషా బండి వేగం తగ్గించాడు.

"కొట్లాట లేకుండా పోతాడా?"

"పోతాడు. ఆస్తి మాత్రం వాడిదే, తిరిగొచ్చాక అనుభవించుకోవచ్చు."

"శానా మంచి పద్ధతి. మా ఊర్లో పెడితే కుండలు చాలవు."

టోల్ గేటు దగ్గర కుర్రాడు రసీదు చింపబోతూ గుర్రాన్ని చూశాడు. చెప్పులు విడిచి వచ్చి, గుర్రం కాలు తాకి కళ్ళకద్దుకున్నాడు. టోలు వదిలేస్తాడేమో అనుకున్నాను. కళ్ళకద్దుకున్న చేత్తోనే వసూలు చేశాడు.

నంద్యాలలో ఎనిమిది దాటింది. రోడ్డు పక్కన బజ్జీలు వేగుతున్నాయి, పేరు రాస్తే మీరు పోయి తింటారు, అందుకని రాయను. సిగ్నల్ దగ్గర ఆగితే పూలమ్మే ఆవిడ గబగబా వచ్చి గుర్రం కాలికి పసుపు రాసి, మూర పూలు చుట్టి, దుడ్లు వద్దంటూ పోయింది. "అమ్మా, ఇది దేవుడిది కాదు, నాటకానిది" అని తల బయటపెట్టి అరిచాను. ఆవిడ నాకు కూడా దండం పెట్టింది.

ఆళ్ళగడ్డలో సుబ్బమ్మ అనే పెద్దావిడ బండికి అడ్డం నిలబడి మైదుకూరు దాకా ఎక్కించుకోమంది. సంచిలో వేడి బూరెలు. బాషా అద్దం దించేశాడు, నేనూ దించేశాను. గుర్రం ఎక్కడికని ఆవిడ అడిగితే ట్రాయ్ యుద్ధం చెప్పాల్సి వచ్చింది. గ్రీకు రాజు పెళ్ళాన్ని ట్రాయ్ రాకుమారుడు తీసుకుపోయాడు, దాని కోసం వెయ్యి పడవల్లో సైన్యం పోయింది, పదేళ్ళు కొట్టుకున్నారు.

"తీస్కపోయినాడా, ఆయమ్మే పోయిందా?"

"గ్రీకులు ఒక రకంగా, ట్రాయ్ వాళ్ళు ఒక రకంగా చెబుతారు."

"ఆ పిల్లను అడిగినారా ఎవరన్నా?"

అడగలేదని ఒప్పుకున్నాను. "పదేండ్లు కొట్టుకునేదానికి తీరిక ఉండాది, ఒక మాట అడిగేదానికి లేదు" అని ఆవిడ మైదుకూరులో దిగే దాకా ఆ మొగుణ్ణి తిడుతూనే ఉంది. దిగి, వద్దంటున్నా వినకుండా గుర్రం ముందు టెంకాయ కొట్టించింది. కొబ్బరి చిప్ప నా ఒడిలో పెట్టి పోయింది. కడప దాకా నేను ఆ చిప్పను చూస్తూ, అది నన్ను చూస్తూ ప్రయాణం చేశాం.

కడప ఊరి బయట చింతచెట్టు నీడన బండి ఆపి బాషా నమాజుకు పోయాడు. ఎండ నిప్పులు కక్కుతోంది. నాకు కునుకు పట్టింది. గజ్జెల చప్పుడుకు మెలకువ వచ్చి చూస్తే గుర్రం ముందు ఆడవాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. మెడ నిండా దండలు, వీపు మీద ఎవరో కప్పిన పట్టుగుడ్డ, ముందు అగరొత్తులు. తీసేద్దామని దండ మీద చెయ్యి వేశాను. "దేవుని సొమ్ము ముడతావా?" అని ఒకావిడ నన్ను గద్దించింది. నా గుర్రం, నా పెన్షను, నేను దొంగనైపోయాను. బాషా వచ్చి బండి తీస్తే ఊపిరి పీల్చుకున్నాను.

ఒంటిమిట్ట దాటేదాకా గ్రీకుల యుద్ధాలు చెప్పాను. పర్షియా చక్రవర్తి మహా సైన్యంతో వస్తే, ఎప్పుడూ తమలో తాము కొట్టుకునే గ్రీకు ఊళ్ళు కొన్ని కలిసి ఎదురు నిలిచి గెలిచాయి. గెలిచిన బలంతో ఏథెన్స్ గుడులు కట్టింది, నాటకాలు ఆడించింది. నాటకాలంటే ఆషామాషీ కాదు, కొండ వాలున జనం పొద్దున్నుంచి కూర్చునేవారు, ఏ నాటకం గొప్పదో పోటీలు పెట్టేవారు.

"అంతమంది లేచిపోకుండా కూర్చునేటోళ్ళా?" అని బాషా అడిగాడు.

"కూర్చునేవారు."

"మీ తమ్మునికి చెప్పొద్దులే మేడమ్, బాధపడతాడు."

ఆ తర్వాత ఏథెన్సూ స్పార్టా మళ్ళీ కొట్టుకుని రెండూ చితికిపోయాయని చెప్పాను. ఇంత దూరం చెప్పింది అందుకోసమేనా అన్నట్టు బాషా నిట్టూర్చాడు.

నాలుగున్నరకు పల్లె పొలిమేర చేరాం. మా తమ్ముడు ఒక్కడే ఎదురొస్తాడనుకుంటే ఊరంతా వచ్చింది. దారిలో ఎవరో ఫోను చేసి స్వామి వాహనం వస్తోందని చెప్పేశారట. డప్పులు, హారతి పళ్ళేలు, ముందు కమిటీ పెద్ద ఓబయ్య. తెల్ల పంచె, తెల్ల మీసం, ఊళ్ళో ఆయన మాటే చట్టం.

"కొత్త వాహనం తెప్పిస్తాండావని ఒక్క మాట చెప్పలేదేందప్పా నాగభూషణం?" అని తమ్ముణ్ణి కావలించుకున్నాడు. తమ్ముడు నావైపు చూశాడు.

"ఇది దేవుడిది కాదు, నాటకానికి చేయించిన చెక్క గుర్రం, ఊళ్ళోకి మేళాలతో తీసుకుపోవద్దు!" అని బండి మెట్టు మీద నిలబడి అరిచాను. ఎవరూ వినలేదు. గుర్రాన్ని దించారు, చక్రాలకు నిమ్మకాయలు పెట్టారు, తాళ్ళు కట్టి గోవిందా అంటూ లాక్కుపోయారు. అప్పుడు తట్టింది. ట్రాయ్‌లో కూడా ఒక పూజారి, వద్దు, ఆ గుర్రాన్ని లోపలికి తేవద్దని మొత్తుకున్నాడు. సముద్రంలోంచి పాములొచ్చి ఆయన్ను చుట్టేశాయి. నన్ను మాత్రం మరదలు వచ్చి చుట్టేసి "ఎండకు వాడిపోయినావు, రా వదినా" అని ఇంటికి తీసుకుపోయింది.

అసలు గొడవ ఆరు గంటలకు మొదలైంది. నాటకం ఏడుకు. పదికల్లా మైకు ఆపాలని పోలీసుల ఆర్డరు. గ్రీకు వేషాల కుర్రాళ్ళు రేకు కత్తులు పట్టుకుని గుర్రం ఎక్కడం చూసుకుందామని పోతే, ఓబయ్య తోక దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఏమి తిన్నారప్పా ఈ పొద్దు?"

తిరునాళ మూడో రోజు దేవుడి సేవలన్నీ అయిపోయి, బంధువులకు మాంసం వండే రోజు. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"హారతి పట్టిన వాహనం. నీచు తిన్నోళ్ళు లోపల కాలు పెట్టేదానికి లేదు."

తమ్ముడు అరుగు మీద కూలబడ్డాడు. గుర్రంలోంచి దూకే గ్రీకు నాయకుడి వేషం వాడిదే. మధ్యాహ్నం వాడూ మటన్ తిన్నాడు. గుర్రంలోంచి ఎవరూ దిగకపోతే ట్రాయ్ పడదు, ట్రాయ్ పడకపోతే జనం నిలవరు, జనం నిలవకపోతే వాడి నాటకం ఈ ఊళ్ళో ఇదే ఆఖరు. వాడు తల పట్టుకున్నాడు. ఈ ఐడియా నాదే. ఇంత దూరం ఈడ్చుకొచ్చింది కూడా నేనే.

అంతలో మసీదు వైపు నుంచి అజాన్ వినిపించింది. బాషా బండి వెనక తలుపు మీద కూర్చుని, ఖర్జూరం నోట్లో వేసుకుని, సీసా ఎత్తి నీళ్ళు తాగాడు. ఓబయ్య అది చూస్తూ ఉండిపోయాడు.

"ఏమప్పా, పొద్దున్నుంచి అదేనా?"

"అవును సామీ."

"నీళ్ళు గూడా లేకుండా, ఈ ఎండలో బండి తోలుకుంటా వచ్చినావా?" ఓబయ్య కుర్చీలోంచి లేచాడు. "ఇంతకంటే నిష్ఠ యాడ దొరుకుతాదప్పా? ఈయన ఎక్కొచ్చు."

"నాకు డైలాగులు రావు సామీ!"

"లోపలుండేటోళ్ళకు డైలాగులు లేవు. అమ్మగారు గూడా ఒక్కపొద్దంట కదా, ఆయమ్మ గూడా ఎక్కొచ్చు."

అలా గ్రీకు మహాసైన్యం తయారైంది. ఒక గూడ్స్ బండి డ్రైవరు, మోకాళ్ళ నొప్పులున్న ఒక రిటైర్డు సోషల్ టీచరు. బాషా నమాజు చేసుకుని వచ్చాడు. అన్నం నాటకం అయ్యాక తిందామనుకున్నాం.

నాటకం మొదలైంది. గ్రీకు రాజు వేషగాడు ఎన్నో ఏళ్ళుగా గద పట్టే వేషాలే వేసినవాడు, గద లేకపోతే పద్యం రాదంటే గద ఇచ్చాం. మొదటి అరగంట బాగానే సాగింది. తర్వాత వెనక వరసలో కుర్రాళ్ళు లేవడం మొదలుపెట్టారు. తెర సందులోంచి చూస్తున్న తమ్ముడి మొహం చూడలేక నేను గుర్రం ఎక్కేశాను. నా వెనక బాషా ఎక్కి తలుపు మూశాడు. మూయగానే ఇద్దరం తోక దాకా జారిపోయాం.

లోపల చీకటి, కొత్త రంగు వాసన. బయట ట్రాయ్ వాళ్ళు గుర్రాన్ని స్టేజీ మీదికి లాగుతున్నారు. వాళ్ళు నటులో భక్తులో నాకు తెలియలేదు, వాళ్ళకూ తెలిసినట్టు లేదు. ఎవరో హారతి ఇచ్చి, సరిగ్గా మా తలుపు కింద అరటిపండ్ల పళ్ళెం పెట్టారు. తలుపు సందులోంచి పండిన వాసన.

"మేడమ్, ఆ గ్రీకోళ్ళు గూడా ఇట్లే ఆకలితో కూర్చున్నారా?"

"పుస్తకాల్లో రాయలేదు బాషా."

"రాయాల్సింది." తలుపు సందు దగ్గరికి జరిగి, "ఒకటి తీసుకుందునా?" అన్నాడు.

తమ్ముడు తెర పక్క నుంచి దగ్గినప్పుడు మేం దూకాలి. ఇంకా దగ్గలేదు. బాషా తలుపు జానెడు తెరిచి, చెయ్యి బయటపెట్టి, ఒక పండు తుంచి లోపలికి లాక్కున్నాడు.

ఒక్క క్షణం మైకు గరగర తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత ఊరు ఊరంతా గోల. "సామి పండు తీసుకున్నాడ్రోయ్!" బజ్జీల అంగడి దగ్గరున్న కుర్రాళ్ళు పరుగెత్తుకొస్తున్న చప్పుడు. ఆ గోలలో తమ్ముడు దగ్గాడో లేదో, నాకు చెయ్యి పట్టు తప్పింది, బాషా మీద పడ్డాను, తలుపు విరిగి తెరుచుకుంది, ఇద్దరం స్టేజీ మీద పడ్డాం. నా చేతిలో రేకు కత్తి, బాషా చేతిలో సగం తిన్న అరటిపండు. ట్రాయ్ కాపలా సైనికులు మాతో కత్తియుద్ధం చేసి చావాలని రాశాను. వాళ్ళు కత్తులు పారేసి, మా కాళ్ళ ముందు సాష్టాంగ పడ్డారు.

గద పట్టుకుని పరుగెత్తుకొచ్చిన గ్రీకు రాజుకు కొట్టడానికి ఎవరూ మిగల్లేదు. తమ్ముడు స్టేజీ మీదికి దూకి, రాయని డైలాగు ఒకటి ఎత్తుకున్నాడు. "ట్రాయ్ ప్రజలారా! కత్తి దెబ్బ లేకుండా గెలిచిన వీరులను చూడండి!" వాడి గొంతు అంత ఖంగుమని మోగడం నేనెప్పుడూ వినలేదు.

"వన్స్ మోర్!" అని అరిచింది మరెవరో కాదు, ఓబయ్య.

మా ప్రాంతంలో పద్యం నచ్చితే వన్స్ మోర్ కొడతారు, నటుడు మళ్ళీ పాడి తీరాలి. గుర్రంలోంచి పడ్డవాళ్ళు మళ్ళీ పడాలని ఎక్కడా లేదు. అయినా ఎక్కాం. ఆ సాయంత్రం ట్రాయ్ మూడుసార్లు పడిపోయింది. ప్రతిసారీ బాషా ఒక పండు తిన్నాడు. మూడోసారి నేనూ తిన్నాను. జనంలో ఒక్కరు లేవలేదు.

మర్నాడు ఉదయం ఏడింటికి తిరుగు ప్రయాణం. బాషాకు కర్నూలుకు అరటిగెలల లోడు దొరికింది. గుర్రాన్ని ఎక్కిద్దామని పోతే కమిటీ అంతా అక్కడే ఉంది. గుర్రానికి పందిరి వేశారు, విరిగిన తలుపుకు కొత్త బందులు బిగిస్తున్నారు.

"హారతి పట్టినాక వాహనం పొలిమేర దాటేదానికి లేదు తల్లీ" అన్నాడు ఓబయ్య. "ఈడనే ఉంటాది. ఏటేటా ఒక పొద్దు బయటికి రావల్ల, లేకుంటే ఊరికి మంచిది కాదు."

"దేనికి బయటికి తెస్తారు? దీనికి ఉన్నది ఒక్క నాటకమే కదా" అన్నాను.

ఓబయ్య పక్కనున్న కమిటీ మనిషితో, ఆర్కెస్ట్రా వాళ్ళకు ఫోను చేసి వచ్చే ఏడు రావొద్దని చెప్పమన్నాడు. తమ్ముడు పందిరి వెనక్కి పోయి భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు. నేను చూడనట్టు బండెక్కాను, నా కళ్ళు కూడా మసకబారాయి.

ఊరు దాటాక వెనక్కి తిరిగి చూశాను. పట్టుగుడ్డ కప్పుకుని, ముందుకాళ్ళు ఎత్తి, గుర్రం పందిట్లో నిలబడి ఉంది. అసలు గ్రీకులు గుర్రాన్ని వదిలి పోయినట్టు నటించారు గాని, మేం నిజంగానే వదిలి పోతున్నాం. దాని కడుపులో దాక్కుని మా తమ్ముడి నాటకం ఊళ్ళోకి దూరింది, ఇక ఏటేటా బయటికొస్తుంది. ఆ సంగతి ఓబయ్యకు ఇంకా తెలియదు.

శుక్రవారం నాకు ఒక్కపొద్దు లేదు. వెనక బండి నిండా పండిన అరటిగెలలు, పక్కన రోజా ఉన్న బాషా. మైదుకూరు దాకా ఒక్క పండు కూడా ముట్టలేదు నేను. అక్కడ బాషానే బండి ఆపి, దిగి, గెలలోంచి ఒక అత్తం పండ్లు కోసి తెచ్చి నా ఒడిలో పెట్టాడు.

"తినండి మేడమ్. వచ్చే ఏడు తిరునాళ రంజాన్‌లో రాకపోవచ్చు."

"రాకపోతే?"

"ఏముండాది, ఆ దినం నేను నీచు ముట్టను. చెయ్యి బయటపెట్టేదానికి ఎవరో ఒకరు ఉండల్ల కదా."